ఆకు ఒకటే... పొట్టలే వేరు

సుబాబుల్ ఆకు తిని ఆస్ట్రేలియా పశువులు చిక్కి శల్యమైపోతుంటే, అదే ఆకు తిని హవాయి మేకలు హాయిగా నెమరేశాయి. ఆ తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లిన ఒక పశుగ్రాస శాస్త్రవేత్త యథార్థ గాథ ఇది.

1980కి కాస్త అటూ ఇటూ. ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని టౌన్స్‌విల్. కొట్టంలో కట్టేసిన మేకల ముందు పచ్చటి రొట్ట పడుతోంది. గడ్డి లేదు, దాణా లేదు. పొద్దునా ఆ ఆకే, సాయంత్రమూ ఆ ఆకే. మొదట్లో మేకలు ఎగబడి తిన్నాయి. రోజులు గడిచేకొద్దీ తొట్టిలో ఆకు మిగిలిపోవడం మొదలైంది. రక్తం తీసి చూస్తే థైరాయిడ్ హార్మోన్ అడుగంటింది.

పసిఫిక్ సముద్రం మధ్యలో హవాయి దీవులు. అక్కడా కొట్టంలో మేకలే, తొట్టిలో అదే ఆకు. ఆ మేకలు మాత్రం తొట్టి ఖాళీ చేసి, కాళ్లు ముడుచుకుని కూర్చుని తీరుబడిగా నెమరేస్తున్నాయి. రక్తంలో ఏ తేడా లేదు. థైరాయిడ్ గ్రంథి ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఈ రెండు కొట్టాలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించిన మనిషి రేమండ్ జోన్స్. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో శాస్త్రవేత్త. పని చేసేది టౌన్స్‌విల్‌లోని డేవిస్ ప్రయోగశాలలో. ఆయన చదువూ పనీ పచ్చికబయళ్ల గురించి. పశువుల కడుపులో ఉండే సూక్ష్మజీవులు ఆయన రంగం కాదు. కానీ చిక్కుముడి ఆయన్ని అక్కడికే లాక్కెళ్లింది.

వరమనుకున్న చెట్టు

సుబాబుల్ మనకు కొత్త కాదు. ప్రకాశం, గుంటూరు, కృష్ణా, ఖమ్మం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం వేల ఎకరాల్లో వేసిన చెట్టు అదే. కర్ర మిల్లుకు పోతే ఆకు మేకకు పోతుంది. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. స్పెయిన్ వాళ్ల ఓడల్లో ఫిలిప్పీన్స్ చేరి, అక్కడి నుంచి ఉష్ణమండలమంతా పాకింది. మన దేశంలో 1970లలో హవాయి నుంచి వచ్చిన ఎత్తు రకాలతో దానికి గిరాకీ పెరిగింది.

పశువుల మేతగా చూస్తే ఇంతకంటే మంచి చెట్టు దొరకడం కష్టం. ఎండబెట్టిన ఆకులో నూటికి 20 నుంచి 25 పాళ్లు మాంసకృత్తులు. వేరు లోతుకు పోతుంది కాబట్టి, ఎండాకాలంలో గడ్డి మాడిపోయినా చెట్టు పచ్చగా ఉంటుంది. పప్పుజాతి మొక్క కావడంతో నత్రజనిని తనే సమకూర్చుకుంటుంది. క్వీన్స్‌లాండ్‌లో వేలకొద్దీ పశువులను మేపే రైతులకు కావలసినవి సరిగ్గా ఇవే. సీఎస్ఐఆర్ఓలో మార్క్ హటన్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి రూపొందించిన ‘కనింగ్‌హామ్’ రకం 1976లో బయటికొచ్చింది.

చెట్టు సిద్ధంగా ఉంది. భూమి సిద్ధంగా ఉంది. అడ్డమల్లా ఆకులో దాగిన ఒక పదార్థం.

ఊడిపోయిన ఉన్ని

దాని పేరు మైమోసిన్. మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లాల కోవలోదే గానీ, ఒంటికి పనికొచ్చేది కాదు. ఆకులో నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు ఉంటుంది. లేత చిగుళ్లలో ఇంకా ఎక్కువ. పెరిగే వెంట్రుక మొదట్లో కణాలు విభజన చెందకుండా ఆపేయడం దాని గుణం.

ఈ చెట్టు మేసిన గుర్రాలకు జూలు, తోక వెంట్రుకలు రాలిపోతున్నాయని 19వ శతాబ్దం చివర్లోనే కరీబియన్ దీవుల నుంచి కబురు వచ్చింది. 1960లలో బ్రిస్బేన్‌లో హెగార్టీ అనే సీఎస్ఐఆర్ఓ రసాయన శాస్త్రవేత్త, ఆయన సహచరులు గొర్రెలకు ఈ ఆకు పెట్టి చూశారు. ఉన్ని పోగు మొదలు సన్నబడి తెగిపోయింది. కత్తెర అక్కర్లేకుండా చేత్తో లాగితేనే బొచ్చు ఊడొచ్చింది. దీన్నే ఆసరా చేసుకుని, కత్తిరించే పని లేకుండా ఉన్ని తీయవచ్చా అని కూడా తరవాత కొందరు ప్రయోగాలు చేశారు.

అయితే ఈ ఆకుకు అలవాటుపడిన నెమరువేసే జంతువు కథ వేరు. ఆవు తిన్నది నేరుగా జీర్ణాశయానికి పోదు. ముందు రూమెన్ అనే పెద్ద పొట్టలో పడుతుంది. పెద్ద ఆవుకైతే అందులో వంద లీటర్లు సులువుగా పడతాయి. లోపల ప్రాణవాయువు ఉండదు. వేడి 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. ఒక్కో మిల్లీలీటరులో వెయ్యి కోట్ల దాకా బ్యాక్టీరియా. ఇవి కాక ప్రోటోజోవా, శిలీంధ్రాలు. పీచును పులియబెట్టి ఇవి విడుదల చేసే కొవ్వు ఆమ్లాలే ఆవుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతాన్ని అందిస్తాయి. పైకి గడ్డి తినేది ఆవే గానీ, ఆ గడ్డిని అరిగించేది ఈ సూక్ష్మజీవుల మంద.

ఈ మంద మైమోసిన్‌ను ముక్కలు చేసేస్తుంది. అందుకే ఆవుకు గుర్రమంత తొందరగా దెబ్బ తగలదు. గండం గడిచిందనుకునే సరికి అసలు మలుపు ఇక్కడే వచ్చింది. మైమోసిన్ విరిగినప్పుడు పుట్టే ముక్క డీహెచ్‌పీ. అది థైరాయిడ్‌కు విషమని 1976లో హెగార్టీ బృందం తేల్చింది. ఒక విషాన్ని విరిచిన సూక్ష్మజీవులే ఇంకో విషాన్ని చేతిలో పెట్టాయన్నమాట. ఆ రెండోదాన్ని విరిచే శక్తి వాటికి లేదు.

సుబాబుల్ బీళ్లలో మేసిన పశువుల మెడలో థైరాయిడ్ ఉబ్బిపోయిందని జోన్స్, ఆయన సహచరులు అదే ఏడాది రాశారు. ఆకలి మందగించడం, చొంగ కార్చడం, తోక కుచ్చు రాలడం, బరువు పెరగకపోవడం... లక్షణాలన్నీ వరసగా పట్టికకెక్కాయి.

బస్తాలో మందు లేదు

థైరాయిడ్ ఉబ్బితే ఎవరికైనా ముందు తట్టేది అయోడిన్. మనుషులకు ఉప్పులో కలిపి ఇస్తున్నాం, పశువులకు దాణాలో కలిపితే సరిపోదా? ఖనిజ లవణాల లోటు ఏమైనా ఉంటే అది కూడా పూడ్చేస్తే?

అదీ చేసి చూశారు. కోడెలను కట్టేసి, సుబాబుల్ ఆకు తప్ప వేరే మేత లేకుండా, కొన్నింటికి అయోడిన్, కొన్నింటికి ఖనిజ లవణాలు ఇచ్చి గమనించారు. ఆ ఫలితాలను 1978లో జోన్స్, ఇద్దరు సహచరులు ప్రచురించారు. జబ్బు మూలం అయోడిన్‌కు లొంగేది కాదు.

కారణం గ్రంథి పనితీరులో ఉంది. థైరాయిడ్ రక్తంలోంచి అయోడిన్‌ను లాక్కుని, దాన్ని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి అతికించి హార్మోన్ తయారు చేస్తుంది. డీహెచ్‌పీ ఆ అతికించే దశను అడ్డుకుంటుంది. సరుకు ఎంత వచ్చి పడినా అతికించే పని ఆగిపోయాక హార్మోన్ ఎక్కడి నుంచి వస్తుంది? హార్మోన్ చాలడం లేదని మెదడు కింది గ్రంథి ఇంకా ఇంకా పురమాయిస్తుంటే థైరాయిడ్ ఉబ్బుతూ పోతుంది. పని మాత్రం జరగదు.

ఇంకో దారి కూడా ప్రయత్నించారు. మైమోసిన్ తక్కువగా ఉండే రకాలను పెంచుదామని చూశారు. విషం తగ్గినవి వచ్చాయి గానీ వాటిలో ఏపు లేదు. మేతలో సుబాబుల్ పాలు తగ్గించి మిగతాది గడ్డి వేయమని చెప్పడమే రైతుకు మిగిలిన సలహా. అంత మంచి ఆకును చేతిలో పెట్టి, తక్కువ పెట్టమని చెప్పాల్సి రావడం పశుగ్రాసం పండించే శాస్త్రవేత్తకు మింగుడుపడే మాట కాదు.

హవాయిలో ఎందుకు లేదు?

జోన్స్‌ను పట్టి పీడించిన ప్రశ్న ఇది. హవాయిలో సుబాబుల్ అడవిలా పెరుగుతుంది. పశువులు ఏడాది పొడవునా మేస్తాయి. జబ్బు మాత్రం లేదు. ఆకులో విషం తక్కువా అంటే కాదు, మైమోసిన్ అక్కడా దండిగానే ఉంది. మేకల జాతి వేరా? వాతావరణమా? నేలలో ఏదైనా ఖనిజమా?

ఆయన ఈ ప్రశ్ననే శీర్షికగా పెట్టి 1981లో ఒక చిన్న వ్యాసం రాశారు. హవాయిలో సుబాబుల్ విషం కనిపించకపోవడానికి కారణం అక్కడి పశువుల రూమెన్‌లో జరిగే జీవక్రియేనా అన్నది అందులోని ఊహ. హవాయి మేకల కడుపులో డీహెచ్‌పీని కూడా విరిచేసే సూక్ష్మజీవి ఏదో ఉండాలి. ఆస్ట్రేలియా మేకల్లో అది లేదు.

రుజువు చేయడానికి చూడాల్సింది మూత్రం. డీహెచ్‌పీ విరగకపోతే ఎక్కడికీ పోదు, రక్తంలో తిరిగి మూత్రంలో బయటపడాలి. ఆస్ట్రేలియా మేకల మూత్రంలో అది పుష్కలంగా దొరికింది. హవాయి మేకల మూత్రంలో దాదాపు లేదు. ఎంత తిన్నాయో అంత విషం లోపలే మాయమైపోతోంది.

తరవాత రూమెన్ ద్రవం. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, ఘాటైన పులుపు వాసన, పైన సన్నటి నురగ. గాలి తగిలితే అందులోని బ్యాక్టీరియా బతకవు కాబట్టి తీసిన వెంటనే కార్బన్ డయాక్సైడ్ పంపుతూ, ఒంటి వేడి చల్లారకుండా చూసుకోవాలి. అందులో డీహెచ్‌పీ కలిపి పెట్టి, గంటలు గడిచేకొద్దీ ఎంత మిగిలిందో కొలిచి చూడాలి. ఆస్ట్రేలియా పశువుల ద్రవంలో వేసింది వేసినట్టే ఉండిపోయేది. హవాయి మేకల ద్రవంలో కరిగిపోయేది. రెండు చోట్ల మేకల స్పందనను పోల్చి జోన్స్, మెగారిటీ అనే మరో శాస్త్రవేత్త 1983లో పూర్తి నివేదిక ప్రచురించారు.

ఇందులో ఇమిడి ఉన్న చరిత్ర కూడా ఆసక్తికరమే. సుబాబుల్ విత్తనం ఓడల్లో ప్రయాణించగలదు. దాన్ని అరిగించే సూక్ష్మజీవి మాత్రం విత్తనంతో రాదు, పశువుతో రావాలి. చెట్టు, పశువు తరతరాలుగా కలిసి బతికిన చోట ఆ జీవి కుదురుకుంది. ఆస్ట్రేలియాకు చెట్టు వచ్చింది, దాని తోటి జీవి రాలేదు.

సముద్రం దాటిన తోడు

జోన్స్ ముందు ఇప్పుడున్న ఆలోచన మన వంటింటికి బాగా తెలిసినదే. పాలు ఎంత మంచివైనా పెరుగు కావాలంటే పక్కింటి నుంచైనా చెంచాడు తోడు తెచ్చుకోవాలి. ఆ తోడు ఇక్కడ ఒక మేక కడుపులో ఉంది, వేయాల్సింది ఇంకో పశువు కడుపులో.

చెప్పినంత తేలిక కాదు. ఆస్ట్రేలియాలో పశువులకు సంబంధించిన దేన్నయినా సరిహద్దు దాటించడానికి నిబంధనలు చాలా కఠినం. పరదేశపు మేక కడుపులోని ద్రవంలో మేలు చేసే బ్యాక్టీరియాతో పాటు ఏ రోగం వస్తుందో ఎవరికి తెలుసు?

ముందు ఇండొనేషియా మేకతో దారి తెరుచుకుంది. సుబాబుల్‌కు అలవాటుపడిన అక్కడి మేక రూమెన్ ద్రవాన్ని ఎక్కిస్తే ఆస్ట్రేలియా మేకలు కూడా డీహెచ్‌పీని విరిచేస్తున్నాయని జోన్స్, లోరీ అనే మరో శాస్త్రవేత్త 1984లో ప్రకటించారు. అప్పటిదాకా ఊహగా ఉన్నది కళ్లముందు జరిగింది. జాతి కాదు, నేల కాదు, వాతావరణం కాదు. తేడా అంతా పొట్టలో కాపురమున్న జీవులదే.

తరవాత హవాయి మేకల బ్యాక్టీరియా వంతు. వాటిని సుబాబుల్ మేస్తున్న ఆస్ట్రేలియా పశువుల రూమెన్‌లోకి పంపారు. మూత్రంలో డీహెచ్‌పీ పడిపోయింది. పడిపోయిన థైరాయిడ్ హార్మోన్ మళ్లీ కోలుకుంది. ఈ ఫలితం 1986లో అచ్చయింది. ఒకసారి కడుపులో స్థిరపడ్డాక ఆ జీవి తనంతట తనే వృద్ధి చెందింది. మందలో కొన్ని పశువులకు ఇస్తే మిగతా వాటికీ పాకింది. ఒకే తొట్టిలో మూతి పెట్టడం, ఒకదాన్నొకటి నాకడం, ఒకే బీడులో మేయడం దానికి చాలు.

పేరు పెట్టిన రోజు

ఇంతా చేసి, ఆ జీవి ఎవరో అప్పటికి తెలియదు. వందల రకాల బ్యాక్టీరియా కలగలిసిన ద్రవంలోంచి దాన్ని విడదీసి, ఒంటరిగా పెంచే పని అమెరికాలోని అయోవా రాష్ట్రం ఏమ్స్‌లో సాగింది. అక్కడి జాతీయ పశు వ్యాధుల కేంద్రంలో మిల్టన్ ఆలిసన్ గాలి తగిలితే చచ్చిపోయే బ్యాక్టీరియాను పెంచడంలో దిట్ట.

ఆ జీవికి వింత గుణం ఉందని తేలింది. చక్కెరలు, పిండి, పీచు... రూమెన్‌లో మిగతా వాళ్లు పోటీపడి తినేవి ఏవీ దానికి అక్కర్లేదు. ఆర్జినిన్, హిస్టిడిన్ లాంటి అమైనో ఆమ్లాలు, వాటితో పాటు డీహెచ్‌పీ దాని ఆహారం. ఆవుకు విషమైనది దానికి తిండి. సుబాబుల్ మేత ఆగిపోతే దాని సంఖ్య తగ్గిపోతుందని రైతులు భయపడటం అందుకే.

1992లో ఆలిసన్ బృందం దానికి సినర్జిస్టెస్ జోనెసీ అని పేరు పెట్టింది. రెండో పదం రేమండ్ జోన్స్ గౌరవార్థం. దాని పేరు మీదే తరవాతి కాలంలో బ్యాక్టీరియా వర్గీకరణలో ఒక పెద్ద విభాగమే ఏర్పడింది. పచ్చికల మనిషి పేరు సూక్ష్మజీవుల పుస్తకంలోకి ఎక్కింది.

1990ల నడుమ నుంచి క్వీన్స్‌లాండ్ వ్యవసాయ శాఖ ఈ బ్యాక్టీరియా ఉన్న మిశ్రమాన్ని ప్రయోగశాల పాత్రల్లో పులియబెట్టి రైతులకు ఇవ్వడం మొదలుపెట్టింది. కోడెను చట్రంలో బిగించి, మూతి పైకెత్తి, గొంతులోకి గొట్టంతో పోస్తారు. మందలో కొన్నింటికి పోస్తే చాలు. ఆ భరోసాతో చెట్టు విస్తరించింది. ఇప్పుడు క్వీన్స్‌లాండ్‌లో సుబాబుల్ బీళ్లు లక్ష హెక్టార్లు దాటాయి.

కథ అడ్డం తిరిగింది

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. శాస్త్రం అలా నడవదు.

2000 తరవాత క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మాక్స్ షెల్టన్ బృందం మందలను తిరిగి పరీక్షించింది. మూత్రంలో డీహెచ్‌పీ ఉంటే, ఫెర్రిక్ క్లోరైడ్ కలిపిన ద్రావణంలో నాలుగు చుక్కలు వేసినా రంగు తిరుగుతుంది. లేత పసుపు మీద ఊదా, నీలం ఛాయలు కమ్ముకుంటాయి. బ్యాక్టీరియా పోసిన మందల్లో కూడా చాలా చోట్ల ఆ రంగు కనిపించింది. అంటే డీహెచ్‌పీ పూర్తిగా విరగడం లేదు. ఐనా ఆ పశువుల్లో చాలా వాటికి జబ్బు లక్షణాలు లేవు!

ఇండొనేషియాలో సుబాబుల్‌నే ప్రధాన మేతగా పెట్టి పశువులను బలిపించే రైతుల దగ్గర కూడా ఇదే కనిపించింది. మూత్రంలో డీహెచ్‌పీ ఉంది, పశువు మాత్రం నిగనిగలాడుతోంది. రసాయన పరీక్షల్లో తేలిందేమంటే, ఆ డీహెచ్‌పీలో చాలా భాగం విడిగా లేదు. పశువు కాలేయం దానికి వేరే అణువును తగిలించి, కోరలు పీకి బయటికి పంపుతోంది. కొత్తగా సుబాబుల్ రుచి చూసిన పశువు మొదటి వారాల్లో ఇబ్బంది పడి, తరవాత సర్దుకుపోతుంది.

దాంతో 2019లో షెల్టన్, ఇద్దరు సహచరులు సూటి ప్రశ్న వేశారు: అసలు బ్యాక్టీరియాను పోయడం అవసరమా? ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. జోన్స్ చూసింది అబద్ధం కాదు. హవాయి మేకల కడుపులో డీహెచ్‌పీ మాయమైంది, ఆ పని చేసిన జీవి దొరికింది. ఆయన చూసినది ఒక దారి. శరీరానికి ఇంకో దారి కూడా ఉందని ఆ తరవాత తెలిసింది.

మన కొట్టంలోకి వస్తే

ఒంగోలు చుట్టుపక్కల సుబాబుల్ నరికిన చోట మేకలు ఆ రొట్టను ఎగబడి తింటాయి. పచ్చగడ్డి కరువైన వేసవిలో అది పెద్ద ఆసరా. పశుపోషణ సలహాదారులు సాధారణంగా చెప్పే లెక్క, మొత్తం మేతలో మూడో వంతుకు మించకుండా, ముందు కొద్దిగా మొదలుపెట్టి అలవాటు చేయమని. నెమరువేయని వాటి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గుర్రం, గాడిద, కుందేలు, కోడి, పంది... వీటికి ఆవులా మేతను ముందే పులియబెట్టే రూమెన్ లేదు. కోళ్ల దాణాలో ఆకు పొడిని నూటికి ఐదు పాళ్లలోపే ఉంచమంటారు.

ఇక పశువుల మందుల దుకాణాల్లో పొట్ట కోసం అమ్మే పొట్లాల సంగతి. ఈస్ట్, ప్రోబయాటిక్, ఖనిజ లవణ మిశ్రమం... రకరకాల పేర్లు. వాటిలో పనికొచ్చేవి లేవని కాదు. సుబాబుల్ గాథ చెప్పేది ఒకటే: లోటు ఎక్కడుందో తెలియకుండా పోసింది కడుపు దాటి వెళ్లిపోతుంది. అయోడిన్ లోటు లేని చోట అయోడిన్ పోశారు, ఫలితం రాలేదు. లోటు ఒక సూక్ష్మజీవిదని తెలిసిన రోజున కొద్దిపాటి ద్రవం మందను మార్చింది. ఆ తరవాత, ఆ ద్రవం కూడా ఎంతవరకు పనిచేస్తోందని మూత్రం పట్టి తేల్చుకోబట్టే కాలేయం సంగతి బయటపడింది.

కాబట్టి పొట్లం చేతికిచ్చే మనిషిని రైతు అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఇది ఏ లోటును పూడుస్తుంది? ఆ లోటు నా పశువుకు ఉందని ఎలా తెలిసింది? పోశాక తగ్గిందో లేదో దేన్ని చూసి చెప్పాలి? మూడింటికీ జవాబుంటే డబ్బు చెల్లించవచ్చు. లేకపోతే ఆ డబ్బుతో నాలుగు మోపుల పచ్చిగడ్డి కొని సుబాబుల్‌లో కలిపి వేయడం మేలు. కడుపులో ఉన్న కోట్లాది పనివాళ్లకు కావలసింది వేళకు, మోతాదుగా, రకరకాల మేత.